వివేకానందుని సమగ్ర సాధన

ప్రతి పాఠశాలలోను మూడు విధములైన బాలురు కనిపింతురు. సాయంకాలపు గంట కొట్టగానే ఆటస్థలమునకు పరుగిడువాడొకడు. గంట కొట్టినను పుస్తకము మూయనివాడొకడు. ఈ యిద్దఱికిని దూరముగా కూర్చుండి ఏదో యోచించుకొనుచు, భజన జరుగు తావునకు తనంతట తానే చేరువాడొకడు. మొదటివానికి చదువు రాదని ఉపాధ్యాయుడు చింతించును. రెండవవానికి ఆరోగ్యము లేదని తల్లి చింతించును. మూడవవాడు లోకమునకు పనికిరాకుండ పోవునేమో యని తండ్రి చింతించును. దేహమును, బుద్ధిని, ఆత్మను పాలుగా పంచుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాలుతో తృప్తి పడుట లోకములో సామాన్యము. ఆ మూడు పాళ్ళును ఒక్క మనుష్యునియందే చేరినచో ఏమగునో తెలిసికొనుటకు వివేకానందస్వామి జీవితము మంచి సాక్ష్యము. ఆ జీవితములో మూడింటి కూడిక కలదు. ఆ కూడిక చెడిన ఘట్టములును కలవు. విద్యార్థులకు ఆ రెండును పాఠములే.

1863వ సంవత్సరము జనవరి 12వ తేదీన, మకర సంక్రాంతినాటి ఉదయమున, కలకత్తా నగరములోని సిమ్లా పేటలో దత్తవారి యింట ఆయన జన్మించెను. తండ్రి విశ్వనాథదత్తు హైకోర్టు అటార్నీ. పారసీ, ఇంగ్లీషు సాహిత్యములు చదివినవాడు, సంగీతప్రియుడు, చేతికి ఎముక లేని దాత. తల్లి భువనేశ్వరీదేవి రామాయణ భారత కథలను బిడ్డలకు నోటితోనే చెప్పగల ఇల్లాలు. తాత దుర్గాప్రసాదు పడుచు వయసులోనే సంసారము విడిచి సన్న్యసించినవాడు. బాలునికి నరేంద్రనాథుడని పేరిడిరి. లోకానుభవము, విద్య, వైరాగ్యము అను మూడును ఆ యింటి ఆస్తిగానే ఆతనికి సంక్రమించినవి.

నరేంద్రుని బాల్యము సాధువర్తనముతో గడచినది కాదు. ఆతని అల్లరిని పట్టుట ఇంటిలో ఎవరికిని తరము గాకుండెను. శివనామము చెప్పుచు తలపై చన్నీళ్ళు గుమ్మరించినగాని ఆ యావేశము చల్లారదని తల్లి కనిపెట్టెను. అదే బాలుడు తోటివారితో ధ్యానపు ఆట ఆడుకొనునప్పుడు కన్నులు మూసికొని కూర్చుండెనేని లోకమును మఱచెడివాడు. ఒకనాడట్లు కూర్చుండియుండగా త్రాచుపాము వచ్చెననియు, పిల్లలందఱు కేకలు వైచుచు పారిపోయిరనియు, నరేంద్రునికి మాత్రము ఆ యలికిడియే తెలియలేదనియు ఆయన చరిత్రకారులు వ్రాసియున్నారు. చిందులు వేయు శరీరమును, కదలని చిత్తమును ఒక్కచోట నుండుట ఆ వయసుననే కనిపించినది.

1871లో ఆతడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుని మెట్రోపాలిటన్ పాఠశాలలో చేరెను. బడినుండి వచ్చి, ఇంటి ముంగిట మిత్రులతో కూడి చిన్న వ్యాయామశాల నొకదానిని ఏర్పఱచుకొనెను. అందొక బంధువుల బాలుని చేయి విఱుగగా పెద్దలు దానిని మూయించిరి. నరేంద్రుడు ఊరకుండక, పొరుగుననున్న నవగోపాలమిత్రుని వ్యాయామశాలలో చేరెను. నవగోపాలుడు 1867లో హిందూమేళాను ప్రారంభించిన దేశభక్తుడు. దేహబలము లేని జాతి తల యెత్తుకొని నిలువజాలదని నమ్మి, వంగదేశపు యువకులకు వ్యాయామశిక్షణ నిచ్చుచుండెను. అచ్చట నరేంద్రుడు కుస్తీ, ముష్టియుద్ధము, కఱ్ఱసాము అభ్యసించెను. ఈత, పడవ నడుపుట, గుఱ్ఱపు స్వారి కూడ ఆతనికి అలవడెను.

ఒకనాడు ఆ శాలలో బాలురు బరువైన ట్రపీజు స్తంభమును నిలుపుచుండగా చుట్టును జనము గుమిగూడిరి. వారిలోనుండి ఇంగ్లీషు నావికుడొకడు చేయూత నీయవచ్చెను. స్తంభము జారి మీద పడుటచే ఆతడు గాయపడి స్పృహ తప్పెను. తెల్లవాడు చనిపోయెనని భయపడి జనమంతయు క్షణములో చెదరిపోయిరి. నరేంద్రుడును, ఒకరిద్దఱు మిత్రులును మాత్రమే నిలిచిరి. ఆతడు తన కట్టుబట్ట చించి గాయమునకు కట్టు కట్టెను. ముఖముపై నీళ్ళు చల్లి తెలివి తెప్పించెను. గాయపడినవానిని ప్రక్కనున్న బడికి మోసికొనిపోయి, వైద్యుని రప్పించి, వారము దినములు పరిచర్య చేసిరి. నావికుడు కోలుకొనిన పిదప చందాలు ప్రోగుచేసి, కొంత సొమ్ము చేతిలో పెట్టి సాగనంపిరి. వ్యాయామశాలలో సంపాదించిన బలము ఎందులకు వినియోగింపవలెనో ఆ బాలునికి ఎవరును బోధింప నక్కఱ లేకపోయెను.

1877లో విశ్వనాథదత్తు పనిమీద మధ్యపరగణాలలోని రాయపూరునకు పోయి, కుటుంబమును రప్పించుకొనెను. ఆనాడు రాయపూరునకు రైలు లేదు. దట్టమైన అడవులలో దినముల తరబడి ఎడ్లబండ్లమీద ప్రయాణము. దారిలో నొకచోట ఎత్తైన కొండ చరియల నడుమ నెఱ్ఱెలో వ్రేలాడుచున్న పెద్ద తేనెపట్టును నరేంద్రుడు చూచెను. ఎన్ని సంవత్సరముల తేనెటీగల కృషియో యది అని తలపోయుచు, సృష్టికర్త మహిమను భావించుచు, బండిలోనే బాహ్యస్మృతి కోల్పోయెను. రాయపూరులో తగిన బడి లేకపోవుటచే రెండు సంవత్సరములు తండ్రియే గురువయ్యెను. ఇంటికి వచ్చు పండితులతో వాదించుటకు తండ్రి ఆతనికి స్వేచ్ఛ నిచ్చెను. పాఠ్యపుస్తకములు వెనుకబడినను, ఆలోచించుట ఆ యింట నేర్వబడినది.

కలకత్తాకు మరలి వచ్చి, తప్పిపోయిన చదువును ఒక్క యేటిలో పూరించి, 1879లో ప్రవేశపరీక్షయందు మొదటి తరగతిలో ఉత్తీర్ణుడయ్యెను. ప్రెసిడెన్సీ కళాశాలలో చేరినను, మలేరియా జ్వరముచే హాజరు తగ్గి, అచ్చటినుండి జనరల్ అసెంబ్లీ కళాశాలకు మాఱవలసి వచ్చెను. కుస్తీ పట్టిన దేహమును గూడ జ్వరము పడవేయగలదని ఆతనికి మొదటిసారి తెలిసినది. ఆ కళాశాలలో హ్యూము, మిల్లు, స్పెన్సరు మున్నగు పాశ్చాత్య తాత్త్వికులను ఆతడు దీక్షతో చదివెను. హెర్బర్టు స్పెన్సరు విద్యను గూర్చి వ్రాసిన గ్రంథమును వంగభాషలోనికి అనువదించెను. ఆ గ్రంథము 1861లో వెలువడినది. బుద్ధికి, శీలమునకు, దేహమునకు నీయవలసిన శిక్షణలను మూడు విభాగములుగా అది విచారించును. తన యందున్న మూడు ఆకాంక్షలకును ఒక శాస్త్రరూపము కలదని చూచి ఆ యువకుడు సంతోషించియుండుట సహజము. దానితోపాటు సంగీతమును గురుముఖమున అభ్యసించెను. 1887లో వెలువడిన సంగీత కల్పతరువను పాటల సంకలనమునకు సంపాదకులలో నాతడొకడు.

ఇంతటి వానికిని లోపల శాంతి లేదు. దేహము దృఢమైనది, బుద్ధి వాడియైనది. కాని భగవంతుడు కలడా యను ప్రశ్నకు పుస్తకములు బదులు చెప్పలేదు. బ్రహ్మసమాజమునకు పోయెను. దేవేంద్రనాథ ఠాకూరును అడిగెను. తృప్తి కలుగలేదు. 1881 నవంబరులో సురేంద్రనాథమిత్రుని యింట పాట పాడుటకు పోయినప్పుడు శ్రీరామకృష్ణ పరమహంసను మొదటిసారి చూచెను. పిదప దక్షిణేశ్వరమునకు పోయి, ఆయనకు దైవదర్శనమైనదా యని సూటిగా ప్రశ్నించెను. అయినదనియు, ఎదుటివానిని చూచినదానికంటె స్పష్టముగా చూచితిననియు పరమహంస జంకులేక చెప్పెను. చదువు లేని పూజారి మాటకు చదువుకొన్న యువకుడు వెంటనే తల వంచలేదు. పరీక్షించెను, తర్కించెను, ఎదిరించెను. శిష్యుడగుటకు సంవత్సరములు పట్టినది. అట్లు ఎదిరించుటను గురువు కోపింపక మెచ్చుకొనెను.

1884 ఫిబ్రవరిలో విశ్వనాథదత్తు హఠాత్తుగా మరణించెను. దానశీలుని యింట అప్పులు తప్ప మఱేమియు మిగులలేదు. దాయాదులు ఇంటికై వ్యాజ్యము వేసిరి. తల్లికిని, తమ్ములకును, చెల్లెండ్రకును తిండి పెట్టు భారము బి.ఏ. పరీక్ష వ్రాసిన ఆ యువకునిపై పడెను. దరఖాస్తు చేతబట్టి, చెప్పులు లేని కాళ్ళతో, మండుటెండలో కచేరీనుండి కచేరీకి తిరిగెను. ఇంటిలో బియ్యము చాలదని తెలిసిన దినమున, తనకు మిత్రుని యింట భోజనమని తల్లితో చెప్పి బయటికి పోయి, పస్తుండెడివాడు. ఒకనాటి రాత్రి దినమంతయు పస్తుండి, వానలో తడిసి, నడువలేక ఒక యింటి అరుగుపై ఒరగెను. ఆ నిస్త్రాణలోనే మనస్సులోని సందేహములు పొరపొరగా విడిపోయినట్లు తోచెననియు, లేచినప్పుడు దేహమున అలసట లేకుండెననియు ఆయన పిదప చెప్పెను. కష్టము తొలగింపుమని కాళిని ప్రార్థింపుమని గురువు పంపగా, మూడుసార్లు గుడిలోనికి పోయి, మూడుసార్లును అన్నవస్త్రముల మాట మఱచి, వివేకమును, వైరాగ్యమును మాత్రమే కోరి వచ్చెను.

1885లో పరమహంసకు గొంతులో పుండు పుట్టి, అది క్యాన్సరని తేలెను. కాశీపురపు తోటయింటిలో శిష్యులు ఆయనకు పరిచర్య చేయుచు, రాత్రులు ధ్యానము చేయుచుండిరి. లోకమును మఱచి నిర్వికల్ప సమాధిలో మునిగియుండవలెనని నరేంద్రుడు గురువును కోరెను. గురువు మందలించెను. అలసినవారికి నీడనిచ్చు మఱ్ఱిచెట్టు కావలసినవాడు తన సుఖమునే కోరుట తగదనెను. కొంతకాలమునకు ఆ యనుభవము కలిగినను, పని పూర్తియగువరకు దానికి తాళము వేసితిననియు, తాళపుచెవి తన యొద్దనే యుండుననియు గురువు చెప్పెను. ఆత్మసాధనను సైతము హద్దు మీఱనీయరాదని నరేంద్రుడు నేర్చుకొనిన పాఠమిది. 1886 ఆగస్టు 16వ తేదీన పరమహంస దేహము చాలించెను.

గురువు మఱుగైన పిదప యువశిష్యులు వరాహనగరములోని పాడుపడిన యింటిలో చేరిరి. అద్దె తక్కువ యగుటయే ఆ యింటి గుణము. కొన్నాళ్ళు అన్నము దొరకును, ఉప్పు దొరకదు. దొండాకు ఉడికించి అన్నముతో తినిన దినములు నెలల తరబడి కలవు. బయటికి పోవువారు కట్టుకొనుటకు అందఱికిని కలిపి ఒక్క బట్ట ఉండెను. అయినను తెల్లవార్లు జపధ్యానములు సాగెను, పగలంతయు శాస్త్రచర్చ సాగెను. ఆత్మ వెలిగినది, బుద్ధి వెలిగినది. దేహము మాత్రము ఎండినది. వ్యాయామశాలలో సంవత్సరములు కూడబెట్టిన ధనమును నరేంద్రుడు ఈ కాలమున లెక్క చూడక వ్యయము చేసెను.

దాని ఫలము పరివ్రాజక దశలో కనిపింపసాగెను. 1890లో ఘాజీపూరున పవహారి బాబాను చూడబోవునాటికి ఆతనికి నడుమునొప్పి వేధించుచుండెను. రోగము తగ్గి దేహము గట్టిపడుటకు బాబాయొద్ద హఠయోగము నేర్చుకొందునా యని గూడ ఆతడు తలపోసెను. కాని గురుమూర్తి మనసులో మెదలి ఆ యాలోచనను మాన్పెను. ఆ యేడే ఋషీకేశమున జ్వరము ముదిరి, నాడి చిక్కక, తోటి సన్న్యాసులు ఆశ వదలుకొనిరి. దారిని పోవు సాధువొకడు తేనెతో పిప్పలి చూర్ణము కలిపి నోట వేయగా కన్నులు తెఱచెను. అయినను చదువు మానలేదు. రాజస్థానమున ఖేత్రీలోను, సముద్రతీరపు పోరుబందరులోను పండితుల యొద్ద పతంజలి మహాభాష్యమును పాఠము చెప్పించుకొనెను. వ్యాకరణము ముగియకముందు వేదాంతమునకు తొందరపడని విద్యార్థి ఆతడు.

1892 డిసెంబరు చివర కన్యాకుమారి చేరి, దేశదారిద్ర్యమును గూర్చి తీవ్రముగా చింతించి, అచ్చటినుండి మదరాసునకు వచ్చెను. 1893 ఫిబ్రవరి 10వ తేదీన తెలుగు నేలపై హైదరాబాదు చేరెను. గోలకొండ కోటను చూచెను. 13వ తేదీన సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో, సుమారు వేయిమంది యెదుట, పాశ్చాత్యదేశములకు తాను పోదలచిన కారణమును ఇంగ్లీషులో వివరించెను. అంతకుముందు చిన్న గోష్ఠులలో మాటలాడిన సన్న్యాసికి అంతటి సభ యెదుట మాటలాడగలనను ధైర్యము కలిగినది ఆనాడే.

హైదరాబాదులోనే మఱొక ముచ్చట జరిగెను. గాలిలోనుండి వస్తువులు రప్పించునని పేరుపడిన బ్రాహ్మణు నొకనిని స్వామి చూడబోయెను. ఆతడు జ్వరముతో నుండి, తన తలపై చేయి వేసి బాగుచేయుమని స్వామిని వేడెను. స్వామి అట్లే చేసెను. పిదప జ్వరము తగ్గిన ఆ బ్రాహ్మణుడు ఒంటిపై కంబళి తప్ప మఱేమియు లేక కూర్చుండి, గంపలకొలది పండ్లను, గులాబీపూలను దానిక్రిందనుండి తీసి పంచెను. 1900లో అమెరికాలో మనశ్శక్తులను గూర్చి చెప్పుచు స్వామి ఈ వృత్తాంతమును జ్ఞప్తికి తెచ్చుకొనెను. అట్టి శక్తుల కారణములను శాస్త్రీయముగా పరిశీలింపవలె ననుటయే ఆయన ఆశయము. వానికై ప్రాకులాడువాడు ఆత్మను పోగొట్టుకొనునని యోగశాస్త్ర వ్యాఖ్యలో ఆయన హెచ్చరించెను. పండ్లు పుట్టించినవానికి తన జ్వరము తగ్గించుకొను శక్తి లేకపోవుట, ఆలోచించువారికి, ఒక ప్రక్కనే పెరిగిన సాధనకు గుర్తు.

అమెరికా ప్రయాణమునకు ధనము సమకూర్చినవారిలో ముఖ్యుడు మదరాసులోని ఉపాధ్యాయుడు అళసింగ పెరుమాళ్. స్వల్పమైన జీతముతో సంసారము నీదుచు, ఇంటింటికి తిరిగి చందాలు పోగుచేసెను. ఖేత్రీ మహారాజు సాయము అందెను. 1893 మే 31వ తేదీన స్వామి బొంబాయిలో ఓడ నెక్కెను. సర్వమత సభకు ముందు చికాగోలో చిరునామా కాగితము పోగొట్టుకొని, రైలు యార్డులో ఖాళీ పెట్టెలో రాత్రి గడిపి, మఱునాడు ఆకలితో ఇల్లిల్లు తిరుగవలసి వచ్చినది. సెప్టెంబరు 11వ తేదీన ఆయన వేదిక నెక్కిన సంగతి ప్రతి విద్యార్థి యెఱిగినదే. ఆ పిదప జరిగినది అంతగా ఎఱుగరు. ఉపన్యాస సంస్థతో ఒప్పందము చేసికొని, చలిలో ఊరూరు తిరుగుచు, వారమునకు పండ్రెండు, పదునాలుగు ఉపన్యాసము లిచ్చిన కాలము కలదు. వేళకు నిద్ర లేదు, అలవాటైన తిండి లేదు. కీర్తి పెరిగినకొలది దేహము తరిగినది.

1895-96 చలికాలమున న్యూయార్కులో చెప్పిన పాఠములు రాజయోగమను పేర 1896లో గ్రంథముగా వెలువడెను. గుడ్విన్ అను ఆంగ్ల యువకుడు వానిని శీఘ్రలిపిలో వ్రాసికొనెను. ఆసనము, ప్రాణాయామము, మనోనిగ్రహము, ధ్యానము అను మెట్లను ఆ గ్రంథము వరుసగా వివరించును. అతిగా తినువానికి, అతిగా ఉపవసించువానికి, నిద్ర మానినవానికి, నిద్రకు బానిసయైనవానికి యోగము లేదని గీత చెప్పిన హితమును అందు స్వామి నొక్కి చెప్పెను. వరాహనగరపు రాత్రులను గడపినవాడు ఈ మాట చెప్పుటలో స్వానుభవపు బరువు కలదు. కర్మ, భక్తి, రాజ, జ్ఞాన యోగములు నాలుగును ఒకనియందే సమముగా వికసించినచో ఆతడే పూర్ణమానవుడనునది ఆయన బోధకు సారము. పని చేయు చేయి, ప్రేమించు హృదయము, నిగ్రహమున్న మనస్సు, విచారించు బుద్ధి, వీనిలో ఏదొకటి లోపించినను మానవుడు ఒంటికాలిమీద నిలిచినట్లే యని ఆయన యభిప్రాయము.

1897 జనవరిలో స్వదేశమునకు మరలి, ఫిబ్రవరిలో మదరాసున వరుసగా ఉపన్యసించెను. గీతాధ్యయనముకంటె బంతియాటచే యువకులు దేవుని చేరువకు పోగలరని ఆయన అచ్చట చెప్పిన మాట నేటికిని తఱచుగా వినవచ్చును. దానిని సగము విని, గీత వలదన్నాడని తలచువారును కలరు. కండలు గట్టిపడినవాడు గీతను మఱింత బాగుగ గ్రహించుననుట ఆ మాటకు తరువాయి. ఆ తరువాయి లేనిచో మొదటి సగమునకు అర్థమే లేదు. ఏది దుర్బలముగా నున్నదో దానిని ముందు బలపఱచుమనునది ఆయన వైద్యము. ఆనాటి విద్యావంతులలో దేహము దుర్బలముగా కనిపించినది గనుక దేహమునుండి మొదలు పెట్టెను.

అట్లు బోధించినవాని దేహము అప్పటికే పగులు వాఱియున్నది. ఆ యేడే మధుమేహము బయటపడెను. మే 1వ తేదీన కలకత్తాలో రామకృష్ణ మిషనును స్థాపించి, విశ్రాంతికై అల్మోరా పోయెను. అచ్చట కొండదారుల గుఱ్ఱపు స్వారి చేసి, వ్యాయామము చేసి, కొంత కోలుకొని, మరల పనిలో దిగి పోగొట్టుకొనెను. 1898లో కలకత్తాలో ప్లేగు భయము వ్యాపింపగా, ధనము చాలనిచో మఠమునకు కొన్న భూమినైనను అమ్మి రోగులను కాపాడుదమనెను. ఆ యేడు ఆగస్టు 2వ తేదీన అమరనాథ గుహకు, మంచునీట స్నానము చేసి, తడి కౌపీనముతో పోయెను. గుండె ఆగిపోవలసినదనియు, ఆగుటకు మాఱు శాశ్వతముగా వాచినదనియు పిదప వైద్యుడు చెప్పెను. ఆ గుండెతోనే 1899లో రెండవమారు పాశ్చాత్యదేశములకు పోయెను. 1901 జనవరిలో, ఉబ్బసముతో బాధపడుచునే, హిమాలయములలోని మాయావతికి మంచులో నడచెను. తన దేహముపట్ల ఆయన న్యాయము చేసెనని చెప్పుట కష్టము. ఆ సంగతి అందఱికంటె బాగుగ ఎఱిగినవాడును ఆయనయే.

అందుచేతనే బేలూరు మఠములో యువసన్న్యాసులకు ఆయన ఏర్పఱచిన దినచర్య ఆయన గ్రంథములతో సమానముగా అధ్యయనము చేయదగినది. తెల్లవారుజామున గంట మ్రోగును, అందఱును ధ్యానమునకు కూర్చుండవలెను. లేవనివాడు ఆనాడు మఠములో భోజనము మాని, బయట భిక్ష మెత్తుకొనవలెను. తరువాత శాస్త్రపాఠములు. వ్యాయామము నియమములలో నొకటి. తోటపని, వంటపని, రోగులసేవ సాధనకు వెలియైనవి కావు. తాము చేసినట్లు దేహమును ఎండగట్టవలదని యువకులను ఆయన హెచ్చరించెను. తాను తప్పిన లెక్కను శిష్యులచేత సరిగా చేయించిన ఉపాధ్యాయుడాయన.

ఆ చివరి దినములలో ఆయన మేకలను, బాతులను, కుక్కలను పెంచెను. మట్రూ యను మేకపిల్ల మెడకు గంటలు కట్టి, దానితో చిన్నపిల్లవానివలె పరుగులిడెను. మఠములో నేల చదును చేయవచ్చిన సంతాలు కూలీలను కూర్చుండబెట్టి విందు చేసెను. నీరును, ఉప్పును మానిపించిన ఆయుర్వేద చికిత్స జరుగుచుండగా, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటములను పదింటిని ముగించి, పదునొకండవది చదువుచుండెను. ఆశ్చర్యపడిన శిష్యుడు ఆ పది సంపుటములనుండి కఠినమైన విషయములను ఏరి ప్రశ్నింపగా, అన్నింటికిని బదులు చెప్పెను. దేహము పడకను కోరుచుండ మనస్సు పాఠశాలను విడువలేదు.

1902 జూలై 4వ తేదీ వచ్చెను. ఆనాటి ఉదయమున స్వామి పూజామందిరమునకు పోయి, తలుపులు మూయించి, ఎనిమిది గంటలనుండి పదునొకండు గంటలవరకు ఒంటరిగా ధ్యానము చేసెను. మధ్యాహ్నము, తన గదిలో విడిగా తినుట మాని, అందఱి పంక్తిలో కూర్చుండి రుచిగా భోజనము చేసెను. పిదప బ్రహ్మచారులను పిలిచి, సుమారు మూడు గంటల సేపు సంస్కృత వ్యాకరణ పాఠము చెప్పెను. సాయంకాలము ప్రేమానందస్వామిని వెంటబెట్టుకొని రెండు మైళ్ళ దూరము నడచెను. దారిలో మఠమున వేదపాఠశాల నెలకొల్పుటను గూర్చి మాటలాడెను. చీకటి పడిన వెనుక గదిలో గంగ వైపు మొగమై జపమునకు కూర్చుండెను. కొంతసేపటికి పడకపై ఒరగి, రాత్రి తొమ్మిది గంటలు దాటిన పది నిమిషములకు శ్వాస విడిచెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదితొమ్మిది సంవత్సరముల అయిదు నెలల ఇరువదిరెండు దినములు.

ఆ యొక్క దినమును గడియారము ముందుంచుకొని చూచినచో ఆయన జీవితమంతయు అందు కనిపించును. ఆత్మకు మూడు గంటలు, బుద్ధికి మూడు గంటలు, దేహమునకు తృప్తియైన భోజనమును, రెండు మైళ్ళ నడకయు. ధ్యానము ఆయనను పంక్తి భోజనమునకు దూరము చేయలేదు. వ్యాకరణము ఆయనను నడకకు బద్ధకించనీయలేదు. రోగము ఆయనను పాఠము మాన్పలేదు. ఆ సమత్వము ఆయనకు జన్మతో లభింపలేదు. దేహమును కట్టి, దానిని నిర్లక్ష్యము చేసి, దెబ్బ తిని, తప్పు తెలిసికొని, తెలిసిన దానిని ఇతరులకు దినచర్యగా మలచిన పిదప లభించినది.

ఆయన జన్మదినమైన జనవరి 12వ తేదీ 1985 నుండి జాతీయ యువజన దినోత్సవముగా జరుపబడుచున్నది. ఆనాడు పాఠశాలలలో ఆయన పటమునకు పూలమాల వేయుదురు, వక్తృత్వపు పోటీలు జరుపుదురు. ఆ దినమున ఆటస్థలమునందలి బాలుని పిలిచి ఒక పుస్తకమును, పుస్తకమునందలి బాలుని పిలిచి ఒక బంతిని చేతికిచ్చి, ఆ యిద్దఱిని మూడవవాని ప్రక్కన కొంతసేపు నిశ్శబ్దముగా కూర్చుండబెట్టు ఉపాధ్యాయుడు, పూలమాలకంటె మిన్నగా ఆయనను గౌరవించినవాడగును.